తవ్వకూడని మొక్క

థార్న్‌గిల్, యార్క్‌షైర్
1962 సెప్టెంబరు 2

బావగారికి,

మీ తమ్ముడి పెళ్ళాం మ్యూరియల్ రాస్తున్నాను. ఏప్రిల్‌లో ఆలివ్ అక్కయ్యను మట్టిచేసి, మిమ్మల్ని ఒక్కరినీ ఆ ఇంట్లో వదిలి వచ్చాక మీకు ఒక్క ముక్క రాయలేదు. రాయనందుకు తిట్టుకోండి కానీ, ఈ ఉత్తరం మాత్రం చివరిదాకా చదవండి. ఇంకెవరిని అడగాలో నాకు తెలియడం లేదు.

ఫిబ్రవరిలో హ్యూబర్ట్ కాలుజారి ఏట్లో పడ్డారని మీకు రాశాను. అది అబద్ధం. కోటు మడతపెట్టి, గడియారం విప్పి దాని మీద పెట్టి మరీ దిగారు. మా పక్కింటి మెట్‌కాఫ్‌ల కుక్క గోల చెయ్యబట్టి మనిషి దక్కాడు. కాలుజారిందని ఊరందరికీ చెప్పాను. అందరూ నమ్మినట్టే ఉన్నారు, పాపం.

వేసవిలో మీ తమ్ముడు బంగారం. బడి పిల్లలు ఆయన చుట్టూ ఈగల్లా మూగుతారు. నా వంటకి వంకలు పెట్టడం, నేను ఉడుక్కుంటే నవ్వడం, అన్నీ మామూలే. అక్టోబరు చివర గడియారాలు గంట వెనక్కి తిప్పుతామే, ఆ రోజు నుంచీ మొదలవుతుంది. బడినుంచి వచ్చి వంటింటి వెనక కిటికీ దగ్గర కూర్చుంటారు. కొన్నాళ్ళకి బడికీ వెళ్ళరు. ఆ కిటికీలోంచి కనిపించేవి బొగ్గుల కొట్టు, బూడిద కుప్ప, రాతి గోడ. ఐదు నెలలు అదే చూస్తే నాకైనా మతిపోతుంది.

ఈసారి అలా అయితే పిచ్చివాళ్ళ పెద్దాస్పత్రికి పంపక తప్పదని డాక్టరుగారు అన్నారు. అక్కడ ఒకసారి ఉండి వచ్చారు ఆయన, యుద్ధం అయిన కొత్తలో. "అక్కడికి మాత్రం పంపకు మ్యూరియల్, నీకు పుణ్యముంటుంది" అని నా రెండు చేతులూ పట్టుకున్నారు. పంపనని మాటిచ్చాను. ఇచ్చినప్పటి నుంచీ నాకు అన్నం సహించడం లేదు.

మీరు నలభై ఏళ్ళు మీ ఊరి పెద్దింటి తోటలో మాలిగా చేశారు. చలికాలంలో కూడా రంగుండేవి, వాసనొచ్చేవి, ఏవైనా ఉంటాయా? నేను లీడ్స్‌లో రొట్టెల కొట్టులో పెరిగినదాన్ని, నాకు ఉల్లికాడకీ గడ్డికీ తేడా తెలియదు. మీరు చెయ్యమన్నది తు.చ. తప్పకుండా చేస్తాను. నవంబరు నుంచి మార్చి దాకా ఆ కిటికీలో ఆయన్ని పట్టి ఉంచేది ఏదో ఒకటి ఉండాలి. అంతవరకు ఆయన బతికి ఉంటే చాలు, ఎండ వచ్చాక ఆయనే లేస్తారు.

మీ మరదలు
మ్యూరియల్


కూంబ్‌లీ, డెవన్
సెప్టెంబరు 7

మరదలు మ్యూరియల్‌కు,

ఏడుపు ఆపి, పార పట్టుకో. పారకి చేటకి తేడా తెలుసు కదా? తెలియకపోతే మెట్‌కాఫ్‌ని అడుగు.

ఐదు నెలల తోట అని ఆలోచించకు, భయమేస్తుంది. ఇరవై రెండు వారాల తోట అనుకో. ప్రతి వారానికీ కొత్తగా ఒకటి జరగాలి, అది జరిగేదాకా మనిషి ఆగాలి. అంతే కిటుకు. ఈ ఉత్తరంతో పాటు ఒక కాగితం పెట్టాను, ఏ వారానికి ఏదో అందులో రాసి ఉంది. గోడకి అంటించకు, వాడు చూస్తాడు. పిండి డబ్బాలో పెట్టుకో.

కిటికీకి ఎదురుగా, పొద్దుటెండ పక్కనుంచి పడేచోట డాగ్‌వుడ్ పెట్టు. ఆకులు రాలాక దాని కొమ్మలు కుంకుమలా ఎర్రబడతాయి. ఎంత చలేస్తే అంత ఎరుపు. వాసనొచ్చేవి బొగ్గుల కొట్టు తలుపు పక్కన పెట్టు. తోట చూద్దాం రమ్మంటే హ్యూబర్ట్ చచ్చినా రాడు. బొగ్గులకి మాత్రం ఎవరో ఒకరు వెళ్ళాలి. నువ్వు నడుం పట్టేసిందని చెప్పి మంచమెక్కు. చెర్రీ మొక్క ఒకటి పంపుతాను, పూలకోసం కాదు, బెరడు కోసం. తోమిన రాగి చెంబులా నున్నగా ఉంటుంది. దాన్ని దారిలో, నడిచేటప్పుడు చెయ్యి తగిలేచోట నాటు. కళ్ళు పనిచెయ్యని రోజులుంటాయి, ముక్కు పనిచెయ్యని రోజులుంటాయి. చెయ్యి ఒక్కటి కాస్త ఆలస్యంగా మొద్దుబారుతుంది.

ఇంకో మాట. "ఎంత బాగుందో చూడండి" అని పొరపాటున కూడా అనకు. ఆ స్థితిలో ఉన్నవాడికి బాగుందని చెబితే ముందు కోపమొస్తుంది, తరవాత సిగ్గేస్తుంది. "నా కళ్ళజోడు కనపడలేదు, ఎన్ని విచ్చుకున్నాయో కాస్త లెక్కపెట్టి చెప్పండి" అను.

ఇవన్నీ నాకెలా తెలుసంటావేమో. మా నాన్నకి ఉండేది ఈ జబ్బు. నాకూ ఉంది. హ్యూబర్ట్‌కి తెలియదు, చెప్పకు. వాడి లెక్కలో నేను ఇనప గుండుని. ఆలివ్‌కి తెలుసు. ఇరవై ఏడేళ్ళ క్రితం ఒక చెడ్డ చలికాలం గడిచాక ఈ ఇంటి వెనక ఒక్కొక్కటీ నాటుకుంటూ వచ్చాను. నేను గుంటలు తవ్వితే తను పేర్లు రాసిన తగరపు రేకులు కట్టేది. అవే నన్ను ఏటేటా ఒడ్డున పడేశాయి. ఇప్పుడు నాకేం లేదు, గుండ్రాయిలా ఉన్నాను.

మొక్కలు రైల్లో వేస్తున్నాను. స్టేషను మాస్టరుతో మంచిగా ఉండు.

విల్‌ఫ్రెడ్


థార్న్‌గిల్
నవంబరు 12

బావగారికి,

నా కొంప మునిగింది.

అన్నీ మీరు చెప్పినట్టే చేశాను. డాగ్‌వుడ్‌లు ఆరు నాటాను. మొదట ఆయన పట్టించుకోలేదు, తరవాత కిటికీలోంచి "లోతు చాలదు, ఇంకాస్త తవ్వు" అని అరిచారు. ఆ అరుపు వింటే నాకు పండగలా అనిపించింది. గడియారాలు తిప్పిన వారం నుంచి మనిషి మాట్లాడటం తగ్గించేశారు, బడికి సెలవు పెట్టేశారు. అయినా ఆకులు రాలుతుంటే కొమ్మలు ఎర్రబడటం చూస్తూ కూర్చునేవారు. "నిన్నటికన్నా ముదిరింది" అని ఒకరోజు తనంతట తనే అన్నారు.

గురువారం నేను చాపెల్లో ఆడవాళ్ళ మీటింగుకి వెళ్ళాను. గంటన్నరలో వచ్చాను. వచ్చేసరికి పెరడు నున్నగా ఉంది. మిసెస్ మెట్‌కాఫ్ కత్తెర చేత్తో పట్టుకుని, చెమటలు కక్కుతూ, మొహం నిండా నవ్వుతో నిలబడి ఉంది.

"మీ ఆయనకి ఒంట్లో బాగోలేదు కదా, నీకు తీరికేదీ? అందుకే మీ తోటని కూడా పడుకోబెట్టేశాను మ్యూరియల్. మా పెరడుతో పాటే అయిపోయింది" అంది.

మీకు చెప్పక్కర్లేదు, ఇక్కడ నవంబరు వచ్చిందంటే తోటని పడుకోబెట్టడం ఇల్లు ఊడ్చినంత మామూలు. ఎండినదంతా నేలమట్టానికి కోసి, గోకి, తగలబెట్టి, వసంతం దాకా మరిచిపోతారు. చెయ్యనివాళ్ళని బద్ధకస్తులంటారు. మీ ఆరు డాగ్‌వుడ్‌లూ నాలుగు వేళ్ళ ఎత్తున మోళ్ళయి ఉన్నాయి. కొమ్మలు మంటలో కాలుతున్నాయి. చెర్రీ ఒక్కదాన్ని మాత్రం చెట్టని వదిలేసింది.

"అవి ఎండిపోయినవి కాదు తల్లీ, అవి అలా ఉండాల్సినవే" అన్నాను.

"ఆకు లేని పుల్లలు పెట్టుకుని ఏం చేసుకుంటావే, పిచ్చిదానా?" అంది. తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఆవిడ కుక్క వల్లే కదా నాకు మొగుడు మిగిలాడు.

ఆయన కిటికీలోంచి అంతా చూశారట. ఆపమని ఒక్క మాట అనలేదు. నేను లోపలికి వెళ్తే, "మంచిపనే చేసింది. ఇక చూడాల్సిందేం లేదు" అన్నారు. ఆ గొంతు నేను ఫిబ్రవరిలో విన్నాను బావగారూ. అదే గొంతు. నాలుగు రోజులైంది, గడ్డం గీసుకోలేదు, కుర్చీ కూడా గోడవైపు తిప్పేసుకున్నారు. ఏటివైపు ఉన్న వీధి తలుపుకి తాళం వేసి, తాళంచెవి మెళ్ళో కట్టుకు తిరుగుతున్నాను. కట్టుకున్న మొగుడికి నేను జైలరునయ్యాను.

మళ్ళీ కొమ్మలు రావాలంటే వేసవి దాకా ఆగాలట. నాకు వేసవి దాకా టైము లేదు. పెద్ద మొక్కలు, ఇప్పటికిప్పుడు కనిపించేవి, ఎక్కడైనా దొరుకుతాయా? ఎంత దూరమైనా వెళ్తాను. మీ కాళ్ళు పట్టుకుంటాను.

మ్యూరియల్


కూంబ్‌లీ
నవంబరు 16

మ్యూరియల్‌కు,

కాళ్ళు వదులు, పడిపోతాను.

మెట్‌కాఫ్ ఆవిణ్ణి ఏమీ అనకు. మా నాన్న హయాంలో మేమూ అంతే, పెద్దింటి పెరడంతా గుండు కొట్టేవాళ్ళం.

నువ్వడిగినవి మంగళవారం రైల్లో వస్తాయి. డాగ్‌వుడ్ నాలుగు దుబ్బులు, ఒక్కోటి నీ భుజం ఎత్తుంటుంది. వైబర్నం ఒకటి, మొగ్గ మీదుంది. నీకు చేరేసరికి ఆకులేని కొమ్మ మీద గులాబీ రంగు పూలు విచ్చుతాయి. విచ్ హేజెల్ ఒకటి, జనవరి కోసం. పసుప్పచ్చ దారప్పోగుల్లాంటి పూలు, మంచులో కూడా వాడవు. వేళ్ళ చుట్టూ మట్టిముద్దతో సహా గోనెలో కుట్టాను. విప్పకుండా గుంటలో దించి, అప్పుడు గోనె కొయ్యి. ఇద్దరు మగాళ్ళు కావాలి మొయ్యడానికి. మెట్‌కాఫ్‌ని పిలువు, వాళ్ళావిడ చేసిన పాపానికి ప్రాయశ్చిత్తం అను.

ఇవెక్కడివని అడుగుతావు. పెద్దింటివాళ్ళు పాత నర్సరీ ఎత్తేస్తున్నారు, పారేస్తుంటే తెచ్చాను. మూడు రోజులు తవ్వేసరికి వీపు పట్టేసింది, అంతకుమించి ఏం లేదు.

కుర్చీ నువ్వు తిప్పకు. తాళంచెవి ఉండనీ.

విల్‌ఫ్రెడ్


థార్న్‌గిల్
డిసెంబరు 11

బావగారికి,

కుర్చీ తిరిగింది.

మెట్‌కాఫ్, ఆయన తమ్ముడు కలిసి నాటారు. గుంటలో దించేటప్పుడు వంకరగా పెడుతుంటే లోపల్నుంచి ఏదో చప్పుడైంది. చూస్తే ఆయన ఇంట్లో వేసుకునే చెప్పులతోనే బయటికొచ్చి, "ఎడమకి, ఎడమకి! మీరు దున్నపోతుని పాతేస్తున్నారా?" అన్నారు. మెట్‌కాఫ్ టోపీ తీసి నా వంక చూసి నవ్వాడు. నేను లోపలికి పోయి ఏప్రాన్‌లో మొహం పెట్టుకుని ఏడ్చాను.

బాగైపోయిందని అనుకోవద్దు. అయిపోలేదు. తిండి సగం, మాట సగం. వరసగా మూడు రోజులు మంచం దిగలేదు. కానీ నా నడుం నొప్పి మీద ఆయనకి నమ్మకం కుదిరింది, బొగ్గులకి తనే వెళ్తున్నారు. వైబర్నం దగ్గర ఒక్క నిమిషం ఆగుతారు. చెర్రీ బెరడు మీద చెయ్యి వేసి నడుస్తారు. విచ్ హేజెల్ మొగ్గలు లెక్కపెట్టమన్నాను, నూట నలభై మూడని చెప్పి, "నీ కళ్ళజోడు నీ నెత్తి మీదే ఉంది" అన్నారు. ఆ నూట నలభై మూడూ విచ్చేదాకా నాకు ప్రాణభయం లేదని మనసుకు చెప్పుకుంటున్నాను.

ఒక సంగతి అడగాలి. విచ్ హేజెల్ గోనె విప్పితే కొమ్మకి చిన్న రేకు వేలాడుతోంది. దాని మీద రాత ఆలివ్ అక్కయ్యది. పారేసే నర్సరీ మొక్కకి అక్కయ్య రేకు ఎందుకుంటుంది? మీ పెరట్లోవే తవ్వి పంపుతున్నారా? అని రాయబోయి రెండుసార్లు చింపేశాను. మీరు అవునంటే నేను వద్దనాలి. వద్దనడానికి నాకు మనసొప్పడం లేదు. నాకు నా మొగుడు కావాలి బావగారూ, అంతకుమించి నాకేమీ కనబడటం లేదు. నన్ను ఎలా అర్థం చేసుకుంటారో మీ ఇష్టం.

క్రిస్మస్‌కి రండి. బాతు వండుతాను. ఒక్కరూ అక్కడేం చేస్తారు?

మ్యూరియల్


కూంబ్‌లీ
డిసెంబరు 19

చిరంజీవి మ్యూరియల్‌కు,

చెప్పులతో బయటికొచ్చాడా! ఆ ముక్క నాలుగుసార్లు చదువుకున్నాను. నువ్వు నా దగ్గర పనిచేసుంటే పెద్దింటి తోటకి హెడ్డుని చేసేవాణ్ణి.

రేకు సంగతి వదిలెయ్. మొక్క ఎక్కడుంటే దానికి అక్కడే ఊరు. నాకు ఒక్కడికి అన్ని పూలెందుకు? చూసినప్పుడల్లా "ఆలివ్, ఇది విచ్చింది" అనడం, పక్కన ఎవరూ లేకపోవడం. నీ కిటికీలో అయితే చూసేవాళ్ళు ఇద్దరున్నారు.

క్రిస్మస్‌కి రాలేను. ఏమనుకోకు. ఇల్లంతా సర్దుకున్నాను. కోళ్ళని పోస్టుమాన్ భార్యకి ఇచ్చేశాను, మంచి మనిషి, సరిగ్గా చూసుకుంటుంది. ఆలివ్ బట్టలు చర్చివాళ్ళు పట్టుకెళ్ళారు. నా పనిముట్లన్నీ నూనె రాసి హ్యూబర్ట్ పేరు కట్టి పెట్టాను. ఎన్నాళ్ళుగానో మీదున్న బరువు దిగినట్టు చాలా తేలిగ్గా ఉంది. హాయిగా నిద్ర పడుతోంది.

రేపటి రైల్లో డాఫ్నే పంపుతున్నాను. ఇదే ఆఖరిది, ఇక పంపడానికి నా దగ్గరేం లేదు. ఫిబ్రవరికి పూస్తుంది. వాడికి ఫిబ్రవరే కదా గండం. వంటింటి తలుపు పక్కన పెట్టు, తలుపు తీస్తే వాసన ఇంట్లోకి వస్తుంది. పిండి డబ్బాలో కాగితం పారెయ్యకు. వచ్చే ఏడూ, ఆ పై ఏడూ దాని ప్రకారమే చేసుకో, అన్నీ వివరంగానే రాశాను. మళ్ళీ నన్ను అడగాల్సిన పనుండదు.

హ్యూబర్ట్‌కి చెప్పు, వాడి ఎనిమిదో ఏట ఆకుపచ్చ గోళీ పోయిందని వారం రోజులు ఏడ్చాడు. కొట్టేసింది నేనే. చెప్పేద్దామని ఇన్నేళ్ళూ అనుకున్నాను.

నువ్వు మంచిదానివి. వాణ్ణి జాగ్రత్తగా చూసుకో.

విల్‌ఫ్రెడ్


థార్న్‌గిల్
డిసెంబరు 30

బావగారూ,

ఈ ఉత్తరం చదవడానికి మీరు ఉన్నారా?

మంచు వల్ల రైళ్ళు ఆలస్యమై, మీ గోనె శుక్రవారం చేరింది. వంటింట్లోకి ఈడ్చుకొచ్చి, ఆయన్ని కొయ్యమన్నాను. గోనె కోశారు. కోసి, అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయారు. మొదలు నా మణికట్టంత లావుంది, వేళ్ళు సగం తెగిపోయి ఉన్నాయి.

"ఇదెవరు పంపారు?" అన్నారు.

"మీ అన్నయ్యే. ఫిబ్రవరికి పూస్తుందట."

"పూయదు. ఇది చచ్చిపోయింది. డాఫ్నేని ఎవరూ తవ్వరు మ్యూరియల్. చిన్నప్పుడు ఎక్కడ నాటితే అక్కడే, ముసలిదయ్యాక కదిపితే బతకదు. మా ఇంట్లో నడక రాని పిల్లాడికి కూడా తెలుసు ఈ సంగతి."

"మరి ఆయనకి తెలియదా?"

"వాడికి తెలియకేం! తెలిసే తవ్వాడు. వాడి ఉత్తరాలేవీ? అన్నీ పట్రా."

అన్నీ తెచ్చి బల్ల మీద పోశాను. మీరు చెప్పొద్దన్నవి కూడా. ఆయన నిలబడే చదివారు. కోళ్ళు ఇచ్చేశాను అన్నచోట ఆగారు. చాలా తేలిగ్గా ఉంది అన్నచోట వేలు పెట్టి నాకు చూపించారు.

"ఈ తేలిక నాకు తెలుసు. ఫిబ్రవరిలో ఆ రోజు పొద్దున నాకూ ఇలాగే ఉంది. నీకు గుర్తుందా, ఆ పూట నేను రెండు గుడ్లు తిన్నాను. నువ్వు సంతోషపడ్డావు" అన్నారు.

నాకు గుర్తుంది. నేను ఎంత సంతోషపడ్డానో నాకు బాగా గుర్తుంది. మీ ఆఖరి ఉత్తరం చదివి కూడా అంతే సంతోషపడ్డాను, పోనీలే ఆయన కోలుకున్నారని. నా కళ్ళు పోయాయి. ఒక మనిషి మునుగుతూ తన పడవలోంచి ఒక్కొక్క చెక్కా తీసి నాకు అందిస్తుంటే, ఇంకోటి ఇమ్మని చెయ్యి చాచాను.

ఆయన బూట్లు తొడుక్కున్నారు. వెళ్తానన్నారు. నేను తలుపుకి అడ్డం నిలబడ్డాను. నెలన్నరగా పెరడు దాటించడానికి భయపడ్డ మనిషిని, అంత మంచులో, ఒక్కణ్ణి, మూడొందల మైళ్ళు ఎలా పంపను? నేనూ వస్తానన్నాను. "ఇద్దరం కలిసి వెళ్ళేంత టైము లేదు. గోనె ఈడుస్తూ మంచులో జారి నీ చీలమండ వాచింది, నువ్వు నడవలేవు. తాళం తియ్యి" అన్నారు. ఆయన మొహంలోకి చూస్తే నిజంగా మీ దగ్గరికే వెళ్తున్నారో, ఏటికి వెళ్తున్నారో నాకు తెలియలేదు. నిజం చెబుతున్నాను, తెలియలేదు. తాళంచెవి మెళ్ళోంచి తీసి నేనే తలుపు తీశాను.

ఇది మూడో రోజు. పోస్టాఫీసు నుంచి ఫోను చేయిస్తే మీవైపు తీగలు తెగిపోయాయన్నారు. టెలిగ్రాం పోదన్నారు. బ్రిస్టల్ దాటి రైళ్ళు ఎక్కడో మంచులో ఆగిపోయాయని రేడియోలో చెప్పారు. మిసెస్ మెట్‌కాఫ్ వచ్చి నా పక్కన కూర్చుంటోంది. ఏటి గట్టు మీదికి మెట్‌కాఫ్‌ని రెండుసార్లు పంపాను. ఏమీ కనబడలేదని చెప్పాడు. కనబడితే చెప్తాడా?

మీ మీద నాకు ఎంత కోపంగా ఉందో మీకు తెలియదు. మీ ప్రాణం తవ్వి పంపమని నేనడిగానా? అడిగాను. కాళ్ళు పట్టుకుంటానని మరీ అడిగాను. మీ ఇద్దరిలో ఎవరికోసం ఏడవాలో కూడా తెలియకుండా ఉన్నాను. బావగారూ, ఆయన రాకముందే ఈ ఉత్తరం చేరితే దయచేసి ఆగండి. ఆయన దారిలో ఉన్నారు. ఆయన వచ్చేదాకా ఆగండి.

మ్యూరియల్


కూంబ్‌లీ
1963 జనవరి 2

మ్యూరియల్,

నేనూ అన్నయ్యా ఇద్దరం బతికే ఉన్నాం. ముందు ఆ ముక్క చదివి కూర్చో, తరవాత మిగతాది చదువు.

ఆదివారం టాంటన్ అవతల రైలు ఆగిపోయింది. ఒక రాత్రి పెట్టెలోనే ఉన్నాం అందరం. పొద్దున మంచు తవ్వేవాళ్ళ బండిలో కొంత దూరం, అక్కణ్ణుంచి పొలాల రాతిగోడల మీదుగా తొమ్మిది మైళ్ళు నడిచాను. రోడ్లు కనబడటం లేదు. రెండుసార్లు కూర్చుండిపోయాను. కూర్చుంటే హాయిగా ఉంది. ఎందుకు లేచానో నీకు రాయలేను, నాకే తెలియదు. వాడి మీద కోపంతో లేచాననుకుంటాను.

తలుపు గడియ వెయ్యలేదు. లోపల నేల కడిగి ఉంది. పొయ్యిలో నిప్పు లేదు. బల్ల మీద మూడు కవర్లు, ఒకటి నా పేరున. వాడు పెళ్ళికి కుట్టించుకున్న సూటు వేసుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చలికి పెదాలు నల్లబడ్డాయి. నన్ను చూసి లేవలేదు.

"నువ్వెలా వచ్చావురా?" అన్నాడు.

"నడిచి. డాఫ్నే తవ్వావేం?"

"మ్యూరియల్‌కి తెలియదనుకున్నాను."

"నాకు తెలియదనుకున్నావా?"

"నువ్వు కుర్చీలోంచి లేచి చూస్తావనుకోలేదు" అన్నాడు.

అంతే మాట్లాడుకున్నాం. వాడి కోటు జేబులో ఉన్నది తీసి నేను నా జేబులో వేసుకున్నాను. వాడు ఆపలేదు. నేను నిప్పు రాజేస్తుంటే ఏడవడం మొదలుపెట్టాడు. మా నాన్న పోయినప్పుడు కూడా వాడు ఏడవలేదు. ఆపించడం నాకు చేతకాలేదు, పక్కన కూర్చున్నాను. తరవాత నేను కూడా ఏడ్చాను.

పెరట్లో మంచు తవ్వి చూశాను. గుంటలే గుంటలు. పందొమ్మిది. మన కిటికీలో కనిపించేవన్నీ ఇక్కడివే. పెద్దింటి నర్సరీ మూసెయ్యడమూ లేదు, పాడూ లేదు. పోస్టుమాన్ వచ్చి, కోళ్ళు తిరిగి తెచ్చివ్వనా అన్నాడు. తెమ్మన్నాను. డాక్టరు రావాలంటే రోడ్డు తెరవాలట, రెండు మూడు రోజులు పడుతుందన్నాడు. అంతవరకు వాణ్ణి నేను కంటికి రెప్పలా చూసుకోవాలి.

నేను బాగైపోయానని అనుకోకు మ్యూరియల్. నాలో ఏమీ మారలేదు. ఈ మంచు చూస్తుంటే నాకూ అదే బరువు. ఒక్కటే తేడా, వాడు పక్క గదిలో దగ్గితే నాకు గుండె ఝల్లుమంటోంది, దగ్గకపోతే ఇంకా ఝల్లుమంటోంది. ఇన్నేళ్ళూ నువ్వు ఇలాగే ఉన్నావా? ఇలాగే ఉన్నావన్నమాట. నాకు తెలియలేదు.

వాడు ఇప్పుడు నిద్రపోతున్నాడు. లేస్తాడు. లేస్తే వాడికి ఏం చెప్పాలో నాకు తోచడం లేదు. బతకడానికి కారణం చెప్పమంటే నా దగ్గర ఒక్కటీ లేదు. నువ్వు నాకు చెప్పేదానివి. నేను మంచం దిగని రోజుల్లో పొద్దున్నే వచ్చి, పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యేసి ఏదో అనేదానివి. రోజూ అనేదానివి. నాకు ఒక్క ముక్క కూడా వినబడేది కాదు, నీ నోరు కదలడం మాత్రం కనిపించేది. అది విని కాదు, అయినా కాసేపటికి లేచేవాణ్ణి. ఏమనేదానివి? ఉన్నదున్నట్టు రాయి. వెంటనే రాయి.

హ్యూబర్ట్


థార్న్‌గిల్
జనవరి 7

ఏమండీ,

మీ ఉత్తరం ఇప్పుడే అందింది. పోస్టు బండి తిరిగి పోకముందే ఇది వెయ్యాలి, అందుకే నాలుగు ముక్కలే.

నేను గొప్పగా ఏమీ అనలేదు. అనడానికి నా దగ్గర కూడా కారణాలేం లేవు, ఉంటే మొదటి ఏడే చెప్పేదాన్ని. "టీ చల్లారిపోతోంది, లేవండి" అనేదాన్ని. లేవకపోతే ఇంకో కప్పు పెట్టుకొచ్చి మళ్ళీ అదే అనేదాన్ని. ఒక్కోరోజు ఆరు కప్పులు పారబోశాను.

బావగారికి చక్కెర రెండు చెంచాలు. పాలు ముందు పొయ్యాలి, లేకపోతే తాగరు.

మ్యూరియల్